సీమకోడి కాలు

ఆయన అడవిలోవాళ్ళకి ఏమీ పంపలేదు. ముందు ఈ మాట రాసేసి తరువాత మిగతాది చెప్తాను. ఎందుకంటే మొన్న బ్రిక్‌ఫీల్డ్స్‌లో తెలుగు సంఘం హాల్లో ఆయనకి సంతాపసభ పెట్టారు. మైకు దొరికిన ప్రతివాడూ ఒకటే కథ. ఇంగ్లీషువాళ్ళు ఈ మలాయ్ దేశంలో ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో తోట దొర క్రిస్మస్‌కి పొగ పెట్టించుకున్న టర్కీ కోడి కాలొకటి ఈయన కోసి, ముళ్ళకంచె దాటించి, అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి పంపాడట. పోలీసులు పట్టుకెళ్ళినా నోరు విప్పలేదట. ఒకాయన ఏకంగా సింహం అన్నాడు. నేను లేచి "మీరు చూశారా?" అని అడిగాను. "అందరూ అనుకునేదే కదమ్మా" అన్నాడు. "అందరూ అంటే ఎవరు? పేర్లు చెప్పండి" అన్నాను. పక్కనున్న మావాళ్ళు కొంగు పట్టి లాగి కూర్చోబెట్టారు. యాభై దాటిన ఆడదాన్ని కొంగు పట్టి కూర్చోబెట్టొచ్చు. ఇంటికొచ్చి కాగితం ముందు కూర్చుంటే ఎవరు లాగుతారు?

సింహమట! గేటు దగ్గర సోదా చేసే కుర్ర కానిస్టేబుల్‌ని చూస్తే చాలు, ఆయన చేతులు పైకి లేచిపోయేవి. నా జీవితంలో నేను చూసిన భయస్తుల్లో మొదటివాడు ఆయన. ఇది తిట్టనుకుంటే అనుకోండి. ఆ రోజుల్లో ఆ తోటలో భయపడని మనిషి ఉన్నాడంటే వాడికి లోకం తెలియదని అర్థం.

తోట పేరు అనవసరం. కువాలా సెలంగోర్ నుంచి లోపలికి వెళితే వచ్చే రబ్బరు తోటల్లో ఒకటి. మా నాన్న అక్కడ పెద్ద కిరాణీ, అంటే తోట ఆఫీసులో హెడ్ గుమాస్తా. నన్ను వాల్తేరులో బి.ఏ. చదివించి, చదివిన పిల్లని బయటి ఊళ్ళో ఉద్యోగానికి పంపడానికి ధైర్యం చాలక, ఆ తోట తెలుగు బడిలోనే పంతులమ్మని చేశాడు. అప్పటికే విడివిడిగా ఉన్న కూలీల లైన్ ఇళ్ళన్నీ తెచ్చి ఒకచోట చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. పొద్దున్నే గేటు దగ్గర వరసలో నిలబడాలి. తలపాగా విప్పి చూసేవారు, నీళ్ళ సీసా మూత తీసి వాసన చూసేవారు. తోటలోకి ఒక్క మెతుకు పట్టుకెళ్ళకూడదు. ఇంట్లో పచ్చి బియ్యం గుప్పెడున్నా నేరం. ఊరందరికీ ఒకే పెద్ద వంటశాలలో అన్నం వండి గిన్నెల్లో పోసేవారు. కొట్లో చేపల డబ్బా కొంటే కొట్టువాడు మన కళ్ళముందే మేకుతో దానికి చిల్లు పొడిచి ఇచ్చేవాడు. అంటే ఏమిటి? మన చేతికొచ్చిన తిండి ఏదైనా సరే సాయంత్రానికి పాడైపోయి తీరాలి. నిలవుండే తిండి అడవికి పోతుందని ప్రభుత్వం భయం. నిలవుండే తిండి మన దగ్గర దొరికితే ఏమవుతుందోనని మా భయం.

అలాంటి చోట, వారం రోజులు పాడవకుండా ఉండే మాంసం చెయ్యమని ఆయనకి పని పడింది.

ఆయన పొగ ఇంటి మనిషి. రబ్బరు పాలు గడ్డకట్టించి, షీట్లుగా ఒత్తి, తడిబట్టల్లా వెదురు కర్రల మీద వేలాడదీసి, కింద నిప్పు పెట్టి పొగబెడతారు. తెల్లటి షీటు నాలుగైదు రోజులకి తేనెరంగుకి తిరుగుతుంది. సెగ ఎక్కువైతే షీటు మీద బొబ్బలొస్తాయి, తక్కువైతే బూజు. ఈ రెండింటికీ మధ్యన ఆయన బతుకు. కళ్ళెప్పుడూ ఎర్రగా ఉండేవి. ఎడమ అరచేతి వెనకభాగం తలుపు సందులో పెట్టి, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టి, లోపలికి వెళ్ళి ఒక కట్టె తీసేవాడు, లేదా ఒక కట్టె తోసేవాడు. థర్మామీటరు ఉంది, గోడకి వేలాడుతూ. దొర వచ్చినప్పుడు మాత్రం దానివైపు చూసేవాడు, చూడకపోతే దొర ఏమంటాడోనని. తడికట్టెల పొగని "ఏడుపు పొగ" అనేవాడు. సన్నగా, నీలంగా, కదలీకదలనట్టు ఉండేదాన్ని "నిద్దర పొగ". "నిద్దర పొగే కావాలమ్మా. అది లేస్తే మన పని అయిపోనాదే" అనేవాడు, పొగని కూడా ఎవరో అధికారిలాగా.

ఏ ప్రశ్న అడిగినా ఆయన జవాబొకటే: "ఎవులడగమన్నారు?"

"అన్నం తిన్నావా పెద్దయ్యా?" "ఎవులడగమన్నారమ్మా?" "ఈ రోజు వానొస్తుందంటావా?" "ఎవులడగమన్నారు?" నవ్వుతూ కాదు, నిజంగానే అడిగేవాడు, మీ వెనక ఎవరైనా ఉన్నారేమో అని మెడ సాచి చూస్తూ. వాళ్ళావిడ నోరున్న మనిషి. "పెళ్ళి పీటల మీద అయ్యోరు గోత్రం అడిగితే ఎవులడగమన్నారన్నాడమ్మా ఈ మనిసి. నాను ఆ రోజే లెగిసి ఎల్లిపోవాల్సింది లా!" అనేది, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర మలాయ్ 'లా' తగిలించి. ఆయన వినబడనట్టు తలుపు సందులో చెయ్యి పెట్టేవాడు.

గేటు దగ్గర ఆయన తతంగం చూసి తీరాలి. తన వంతు ఇంకా పదిమంది అవతల ఉండగానే చొక్కా విప్పేవాడు. జేబులు బయటికి తిప్పేవాడు. తలపాగా విప్పి భుజాన వేసుకుని రెండు చేతులూ పైకెత్తి నిలబడేవాడు, వరస కదులుతుంటే అలాగే చేతులెత్తి అడుగులు వేస్తూ. అక్కడ నిలబడే మలాయ్ కుర్రాడికి నవ్వాగేది కాదు. "సుదా లా, పాచ్చిక్! జలాన్, జలాన్!" అనేవాడు. చాల్లే మావయ్యా, నడు నడు అని. ఆయన నడిచేవాడు కాని చేతులు దించేవాడు కాదు. గేటు దాటి, మలుపు తిరిగి, ఇంకెవరికీ కనబడనని నమ్మకం కుదిరాక దించేవాడు.

ఈ మనిషిని పట్టుకుని సింహం అన్నారు.

ఇక కోడి సంగతి. మెర్దెకాకి, అంటే ఈ దేశానికి స్వతంత్రం రావడానికి, ముందు వచ్చిన క్రిస్మస్. దొరసాని తల్లి అమెరికా మనిషట. చిన్నప్పుడు వాళ్ళింట్లో పండక్కి టర్కీని పెరట్లో ఒక పెట్టెలో వేలాడదీసి రోజంతా పొగబెట్టేవారట. బంగళా వెనక దొరసాని ఒక టర్కీ పుంజుని పెంచుతోంది. మలాయ్‌వాళ్ళు దాన్ని ఆయమ్ బెలాండా అంటారు, డచ్చివాళ్ళ కోడి అని. మా లైన్లలో సీమకోడి అనేవారు. నీలం తల, ముక్కు మీద వేలాడే ఎర్రతోలు. దొరసానికి ఒకరోజు పొగ ఇల్లు కనబడింది. రబ్బరుకి పొగబెట్టేవాడు కోడికి పెట్టలేడా అనిపించింది. అనిపించడమే ఆలస్యం, ఎప్పటిదో ఒక అమెరికా పత్రికలో కాగితం చింపి తోటమాలి చేత ఆయనకి పంపింది. ఆయనకి చదువు రాదని ఆవిడకి తోచలేదు. కాదనడం ఆయనకి చేతకాలేదు.

మధ్యాహ్నం బడికొచ్చాడు, కాగితం మొలలో దోపుకుని.

"తలుపెయ్యి పంతులమ్మా."

"పట్టపగలు తలుపెందుకు పెద్దయ్యా?"

"ఎవులడగమన్నారమ్మా? ఎయ్యమ్మా, నీకు పున్నెం ఉంటాది."

తలుపు దగ్గరగా వేశాను. కాగితం మీద పెద్ద బొమ్మ, పళ్ళెంలో నిగనిగలాడే కోడి. కింద వంట విధానం. చదివి తెలుగులో చెప్పాను. ఉప్పునీళ్ళలో ఒక రోజు నానెయ్యాలి. తీసి ఆరబెట్టాలి. వేలాడదీసి సన్నని పొగ పెట్టాలి. కాలు పట్టి తిప్పితే కీలు సులువుగా తిరిగేదాకా ఉంచాలి. అలా చేసింది చల్లటి చోట వారం నిలవుంటుంది. ఆయన ప్రతి ముక్కా పెదవులతో తిరిగి అనుకుంటున్నాడు. బయట పిల్లలు కొట్టుకుంటున్నారు. వాల్తేరులో చదివొచ్చి తలుపులు మూసుకుని కోడివంట చదివి చెప్తున్నానా అని నాకు లోపల చిరాకు. ఆయన ఆగి, కాగితం అడుగున వేలు పెట్టాడు. అక్కడ రెండు వరసలున్నాయి, చీమల బారులాగా.

"ఇదేటమ్మా? సిన్నచ్చరాలు?"

"ఏమీ లేదు. అంతే" అన్నాను.

నేను వాటిని చదవలేదు.

పొగ ఇంట్లో కోడిని వేలాడదీస్తే కొవ్వు కారి షీట్లు పాడవుతాయని దొర ఒప్పుకోలేదు. అందుకని ఆయన ఇంటి వెనకే, కంచె లోపల, కొబ్బరినూనె డ్రమ్ము ఒకటి సంపాదించి బిగించాడు. బూడిదతో మూడు రోజులు తోమాడు. కింద నిప్పుకి నోరు కోశాడు. పైన అడ్డంగా ఇనపచువ్వ, దాని మీద తడిపిన గోనెసంచి. రబ్బరు కట్టె వాడనన్నాడు. "పాలు కారే సెట్టు పొగ కూట్లోకి పనికిరాదమ్మా. ఆ కంపు నా ఒంటికి సాలు" అన్నాడు. బడి వెనక జామచెట్టు కొమ్మలు అడిగి కొట్టుకెళ్ళాడు, కొబ్బరి పీచు కలిపాడు. ఉప్పు కూడా ఆ రోజుల్లో ఇష్టం వచ్చినంత కొనడానికి లేదు. దొర చీటీ రాసిచ్చాడు. ఆ చీటీని రబ్బరు షీటు ముక్కలో చుట్టి మొలతాడుకి కట్టుకుని, అడిగినవాడికీ అడగనివాడికీ చూపించాడు.

పొగ పెట్టిన రోజు మాత్రం నేను మరిచిపోలేను. పనివాళ్ళు తోటకి వెళ్ళాక మొదలుపెట్టాడు. పదిగంటలకి ఏమీ లేదు. పదకొండుకి వాసన లేచింది.

రెండేళ్ళుగా వంటశాల అన్నమూ ఎండుచేపా తింటున్న జనం. ఆ వాసన లైన్ల మధ్య సందుల్లోంచి మెల్లగా పాకుతుంటే, ముందు ముసలివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. పిల్లలు బడిలో ఎక్కాలు ఆపేశారు. బాలింత ఒకతె గుమ్మంలోంచే కేకేసింది.

"తాతా, కోడికి కాదు లా, మాకు పెడతన్నావు పొగ! పాణం పోతన్నాది!"

"నోర్ముయ్యే గుంటా. ఇనిపిస్తాది."

"వాసన కూడా ఇనిపిస్తాదేటి?"

"కంచె అవతలోళ్ళకి ముక్కు లేదనుకున్నావేటే?"

అది నవ్వి, నవ్వు మధ్యలో ఆపేసి, లోపలికెళ్ళి తలుపేసుకుంది. తరువాత ఒక్కొక్క తలుపే మూసుకుంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అన్ని ఇళ్ళ ముందూ ఒక్క మనిషి లేడు. నేను బడి కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన తువ్వాలు రెండు చేతులా పట్టుకుని పొగని విసురుతున్నాడు, అడవి వైపు పోకుండా, బంగళా వైపు. గాలి తిరిగింది. ఆయన డ్రమ్ముకి అటువైపు పరిగెత్తి అక్కణ్ణుంచి విసిరాడు. గాలి మళ్ళీ తిరిగింది. నాకు నవ్వొచ్చింది, ఒప్పుకుంటున్నాను. అప్పుడు నేను కూడా కంచె అవతలికి చూశాను. రబ్బరు చెట్ల వరసలు, వాటి వెనక నల్లగా అడవి మొదలు. ఏమీ కదలడం లేదు. ఆ కదలకపోవడం చూసి నా నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. కిటికీ రెక్క వేసేశాను.

బడి విడిచాక వెళ్ళాను. ఆయన మొహమంతా మసి.

"ఇది వారం దాకా పాడవదని రాసినారు గదమ్మా?"

"అవును పెద్దయ్యా. చల్లటి చోట పెడితే."

"పాడైపోయేదైతే బాగుణ్ను" అన్నాడు. "పాడైపోయేదానికి ఎవులూ రారు."

సాయంత్రం కోడిని దించాడు. ఇక్కడ జరిగింది ప్రపంచంలో ఇంకే వంటవాడూ చెయ్యని పొరపాటు. షీట్లు దించేటప్పుడు ప్రతి షీటునీ వెలుతురుకి ఎత్తి చూస్తారు. పొగ సరిగ్గా పట్టనిచోట తెల్లగా మచ్చ కనబడుతుంది. ఆ మచ్చ ఉన్న ముక్కని కత్తెరతో కోసి, మళ్ళీ పొగకి వేలాడదీసి, మిగతాది మంచి సరుకుగా పంపేస్తారు. పచ్చి ముక్క మంచి సరుకులో పోయిందంటే పొగ ఇంటివాడి ఉద్యోగం పోయినట్టే. ఇరవై ఏళ్ళు ఆయన చేసింది అదే. కోడి కాలు తిప్పి చూశాడు, కీలు తిరిగింది. కత్తి మొన గుచ్చి చూశాడు. రెండో కాలు బాగానే ఉంది, దీని లోపల మాత్రం గులాబీరంగు. పచ్చి! ఇంకేముంది, తొడ కీలు దగ్గరికి కాలు కోసేసి, దాన్ని మళ్ళీ డ్రమ్ములో వేలాడదీసి, మిగతా కోడిని శుభ్రంగా గుడ్డలో చుట్టి బంగళాకి పట్టుకెళ్ళి ఇచ్చాడు. రేపు పొద్దున్న కాలు తెస్తానని చెప్పాడా? చెప్పలేదు. బంగళా వంటింటి గుమ్మంలో నిలబడి అంత మాట మాట్లాడే ధైర్యం ఎక్కడిది? ఇచ్చి వచ్చేశాడు.

పొద్దున్న లేచి చూస్తే డ్రమ్ములో కొక్కెం ఉంది, కాలు లేదు.

అప్పుడైనా ఎవరికైనా చెప్పాలి కదా? చెప్పలేదు. డ్రమ్ము విప్పి, కడిగి, బోర్లించేశాడు. తరువాత పోలీసులకి అన్నిటికంటే అనుమానంగా కనబడింది ఆ కడగడమే.

క్రిస్మస్ భోజనానికి దొర ఇంటికి జిల్లా నుంచి పోలీసు ఆఫీసరు ఒకడు వచ్చాడు. ఒంటికాలి కోడిని చూసి ముందు దొరసాని పకపకా నవ్విందట. ఆఫీసరు నవ్వలేదు. పళ్ళెం వైపు చూసి, కాలెక్కడ అని అడిగాడట.

గంటలో ఆయన తోట ఆఫీసులో ఉన్నాడు. పోలీసులు వెంట తెచ్చుకున్న దుబాసీ తమిళుడు. మామూలుగా ఈయనకి తమిళం బాగానే వచ్చు. ఆ రోజు నోట్లోంచి శ్రీకాకుళం తప్ప ఇంకోటి రాలేదు. మా నాన్న షీట్ల లారీతో క్లాంగ్ రేవుకి వెళ్ళి ఉన్నాడు. పంతులమ్మని పిలవమన్నారు.

ఏం పోతుందో గదిలో అందరికీ తెలుసు. కాలు కంచె దాటిందని తేలితే జైలుతో ఆగదు. ఓడెక్కించి ఇండియా పంపేస్తారు, పెళ్ళాంతో సహా. ఆయన తల్లి చంకలో ఈ దేశం వచ్చినవాడు. అక్కడ ఏ ఊళ్ళో దిగాలో కూడా తెలియదు. వాళ్ళావిడ ఆయన విప్పేసిన చొక్కా పట్టుకుని ఆఫీసు మెట్ల కింద నిలబడింది. అంత నోరున్న మనిషి ఆ చొక్కా మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తోంది.

నేను వెళ్ళేసరికి ఆయన గది మధ్యలో చేతులెత్తి నిలబడి ఉన్నాడు. దించమని ఆఫీసరు రెండుసార్లు చెప్పాడు. నేను తెలుగులో చెప్పాక దించాడు.

"కాలు ఎవరికిచ్చావు?" అని అడిగాడు ఆఫీసరు. నేను తెలుగు చేశాను.

"ఎవులడగమన్నారమ్మా?"

దీన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పను? "ఎవరికీ ఇవ్వలేదంటున్నాడు" అన్నాను. ఆ రోజు నేను చెప్పిన మొదటి అబద్ధం అది, ఆయన మేలు కోసమే.

"ఎందుకు కోశావు?"

"పచ్చిగున్నాదండి. పచ్చిది మంచి సరుకులో కలపకూడదు గదండి."

అది ఉన్నదున్నట్టు చెప్పాను. ఆఫీసరు పెదవి విరిచాడు. ఆయన మొలలోంచి లాగి బల్ల మీద పెట్టిన కాగితం తీసి నా చేతికిచ్చి, "ఇందులో ఎక్కడుంది కాలు కొయ్యమని? అడుగు" అన్నాడు. అదే కాగితం. మసి వేలిముద్రలు. నా కళ్ళు వాటంతటవే అడుగుకి పోయాయి.

పొగపట్టిన మాంసం పూర్తిగా ఉడికాక కూడా లోపల గులాబీరంగులోనే ఉంటుంది, కాలి కీలు దగ్గర మరీను. దాన్ని పచ్చి అనుకోవద్దు. అంతే, ఆ రెండు వరసలు.

నేను కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఆ రెండు వరసలూ మళ్ళీ చదివాను. ఆయన తలెత్తి నా మొహంలోకి చూశాడు. ఎవరి మొహమూ సూటిగా చూడని మనిషి. ఎర్రటి కళ్ళు.

"ఇతనికి చదువు రాదు కదా. ఇది చదివి చెప్పింది ఎవరో అడుగు" అన్నాడు ఆఫీసరు.

ఆ ప్రశ్నని నేనే తెలుగు చెయ్యాలి. చేశాను. "ఈ కాగితం నీకు చదివి చెప్పింది ఎవరని అడుగుతున్నారు."

ఆయన కాసేపు నన్నే చూశాడు. తరువాత గోడవైపు తిరిగాడు.

"ఎవులూ సదవలేదండి. నానే బొమ్మ సూసి సేసినాను."

"బొమ్మలో రెండు కాళ్ళున్నాయి కదా" అన్నాడు ఆఫీసరు. తమిళ దుబాసీ నవ్వాడు.

తెలుగు సంఘంలో, బడిలో, పెళ్ళిళ్ళలో నాతో వాదించి గెలిచినవాడు ఇప్పటికీ లేడు. ఆ రోజు మాత్రం కాగితం అంచు సరిచేస్తూ నిలబడ్డాను. "అయ్యా, చదివింది నేనే, ఈ రెండు వరసలు వదిలేసింది నేనే, ఇతని తప్పేమీ లేదు" అనడానికి ఎంతసేపు పడుతుంది? అంటే తరువాతి ప్రశ్న నాకే వస్తుంది. ఎందుకు వదిలావు? ఎవరు వదలమన్నారు? మా నాన్న ఉద్యోగం, మా ఇల్లు, నేను. భయం ఎంత తొందరగా లెక్కలు వేస్తుందో నాకు తెలిసింది అక్కడే. కాగితం మడిచి బల్ల మీద పెట్టేశాను. ఆయన్ని జీపెక్కించారు.

నాలుగు రోజుల తరువాత, లైన్ల వెనక మురికి కాలవలో ఒక ఎముక చూశాను. నాటుకోడిది కాదు, మూడింతలు లావు. శుభ్రంగా చీకేసిన ఎముక. కాలు కంచె దాటలేదు. కంచె లోపలే ఎవరో తిన్నారు, పిల్లలకి పెట్టారు. వాళ్ళని నేనేమీ అనను, ఆ వాసన నేనూ పీల్చాను. కాని ఆ ఎముక పట్టుకెళ్ళి ఆఫీసులో పెడితే ఆయన బయటపడేవాడేమో. అది ఎవరి గుమ్మం ముందు దొరికిందని అడిగేవాళ్ళు. లైన్లన్నిటికీ శిక్ష పడేది. గొడుగు కొనతో దాన్ని బురదలోకి నొక్కేసి బడికి వెళ్ళిపోయాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. సంతాపసభలో వీరగాథ చెప్పినవాళ్ళలో ఆ లైన్లవాళ్ళు ముగ్గురున్నారు. కాలు అడవికి పోయిందంటే వాళ్ళకెంత సుఖమో ఆలోచించండి.

ఆయన్ని విడిపించింది న్యాయం కాదు, బూజు. ఇంకెవరు పొగబెట్టినా షీట్లు బొబ్బలెక్కేవి, లేకపోతే బూజుపట్టేవి. రెండు నెలలు చూసి దొర ఎవరితోనో మాట్లాడి వెనక్కి తెప్పించుకున్నాడు. చిక్కి సగమై వచ్చాడు. కుడిచేతి రెండు వేళ్ళు ముడుచుకునేవి కావు. ఏమైందని నేను అడగలేదు. వచ్చిన రోజే తలుపు సందులో చెయ్యి పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

మెర్దెకా వచ్చింది. బడిలో రేడియో పెట్టి పిల్లల చేత జెండాలు ఊపించాం. లైన్లన్నీ వచ్చాయి, ఆయన రాలేదు. పండగ సందడిలో నిద్దర పొగ కాస్తా లేచిపోతుందని భయమట. కొన్నాళ్ళకి కంచె చుట్టలు చుట్టి లారీలో పట్టుకుపోయారు. గేటు ఉన్నచోట గుంజల గుంతలు మిగిలాయి. ఆయన పొద్దున్నే అక్కడికి రాగానే ఆగి, చొక్కా విప్పి, చేతులెత్తి, దాటి, తొడుక్కునేవాడు. కుర్రాళ్ళు వెనకనుంచి "సుదా లా, పాచ్చిక్!" అని అరిచేవారు. ఒకసారి క్లాంగ్ బస్సులో టిక్కెట్టు కండక్టరు దగ్గరికి రాగానే సీట్లోంచి లేచి చేతులెత్తాడు. బస్సంతా నవ్వింది. నేను కిటికీ బయటికి చూశాను.

ఆ తరువాతి ఏడు పౌరసత్వం కాగితాలు వచ్చాయి. లైన్లవాళ్ళంతా బడి దగ్గర వరసకట్టారు, నింపిపెట్టమని. ఆయన రాలేదు. అందరూ అయిపోయాక ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. కాగితం మొలలోంచి తీసి బల్ల మీద పరిచి, ముడుచుకోని రెండు వేళ్ళతో నొక్కిపట్టుకున్నాడు.

"సదువమ్మా."

"నేను నింపేస్తాను పెద్దయ్యా. నువ్వు వేలిముద్ర వేస్తే చాలు."

"లేదమ్మా. మొత్తం సదువు. ఆకరి ముక్క దాకా."

చదివాను. గంట పట్టింది. ప్రతి గడీ, ప్రతి నియమం తెలుగులో చెప్పాను. ఆయన పెదవులతో తిరిగి అనుకుంటున్నాడు. అడుగున అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా చదివాను. చదువుతుంటే చెమట కారి కళ్ళలోకి వచ్చింది. ఆయన వేలిముద్ర వేసి, వేలు తలకి రాసుకుని, కాగితం మడుచుకున్నాడు.

"పెద్దయ్యా" అన్నాను, "ఆ రోజు ఆఫీసులో..."

"బస్సెల్లిపోద్దమ్మా" అని లేచాడు.

మా ఇంటి ముందు బస్సు ఆగదు. అది ఆయనకీ తెలుసు.

ఆ తరువాత ఆయన పాతికేళ్ళు బతికాడు. పెళ్ళిళ్ళలో, సంఘం మీటింగుల్లో ఎన్నోసార్లు ఎదురుపడ్డాడు. ప్రతిసారీ పంతులమ్మా బాగున్నావా అని తనే ముందు అడిగేవాడు. నేను ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేకపోయాను. ఇప్పుడు మైకుల ముందు వీరుడంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన చేతులెత్తి నిలబడడం నేను కళ్ళారా చూశాను, నేను చూసింది అబద్ధం కాదు. పేర్లు చెప్పడం అలవాటు లేని పిరికి మనిషి, అందుకే ఆ రోజు కూడా చెప్పలేదని ఇన్నాళ్ళూ వాదిస్తూ వచ్చాను, ఇంట్లోవాళ్ళతో, అంతకంటే ఎక్కువ నాతో. కాని ఆ మనిషి జవాబు చెప్పే ముందు నా మొహంలోకి చూశాడు. ఆ రెండు వరసలు నేను అప్పుడే చదివానని, ముందు చదవలేదని, నా మొహం మీద ఆయనకి కనబడిందా? కనబడే, తనని ఓడెక్కిస్తారని తెలిసే, ఎవరూ చదవలేదని అన్నాడా?